మడ అడవిలో పడవ షికారు: కోరింగ, భితర్‌కనిక, సుందర్‌బన్స్, పిచ్చావరం.. ఎవరికి ఏది?

మడ అడవుల షికారుకి వెళ్లొచ్చినవాళ్లని కదిపితే తరచుగా వినిపించే ఫిర్యాదులు రెండు. కోరింగ వెళ్లినవాళ్లు "చెట్లు, బురద తప్ప ఇంకేం లేదండీ" అంటారు. సుందర్‌బన్స్ వెళ్లినవాళ్లు "అంత దూరం పోతే పులి తోక కూడా కనపడలేదు" అంటారు. రెండింట్లోనూ అడవి తప్పేం లేదు. వాళ్లు చూడాలనుకున్నది ఒకటి, వెళ్లిన చోటు ఇంకొకటి. చోటు కుదిరినా వేళ కుదరదు.

తూర్పు తీరంలో మనవాళ్లు రైలెక్కో కారెక్కో వెళ్లగలిగే మడ అడవులు ముఖ్యంగా నాలుగు: కాకినాడ పక్కన కోరింగ, ఒడిశాలో భితర్‌కనిక, బెంగాల్లో సుందర్‌బన్స్, తమిళనాడులో చిదంబరం దగ్గర పిచ్చావరం. నా ఓటు ఎటో ముందే చెప్పేస్తాను. జంతువుల్ని కళ్లారా చూడటమే ముఖ్యమైతే భితర్‌కనిక. పక్షుల కోసం, పైగా సాయంత్రానికల్లా ఇంటికి చేరాలంటే కోరింగ. పులి కనపడకపోయినా ఫర్వాలేదనుకునేవాళ్లకే సుందర్‌బన్స్. చెట్ల సొరంగాల్లో చప్పుడు లేకుండా తిరగాలనుంటే పిచ్చావరం.

ఏది పెద్దదన్న లెక్కతో మాత్రం ఎంచుకోకండి. "దేశంలో రెండో అతిపెద్ద మడ అడవి" అని కోరింగ గురించి రాస్తారు, భితర్‌కనిక గురించీ అదే రాస్తారు. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2021 నివేదికలో రాష్ట్రాలవారీగా చూస్తే పశ్చిమ బెంగాల్ (2,114 చదరపు కిలోమీటర్లు) తర్వాత గుజరాత్ ఉంది. మన ఆంధ్రా 405, ఒడిశా 259. అంత తక్కువ మడ ఉన్న ఒడిశాలోనే మొసళ్లు దండిగా కనిపిస్తాయి. కాబట్టి విస్తీర్ణం మాట పక్కన పెట్టేద్దాం.

ముందు పోటూ పాటూ చూసుకోండి

ఊరు తర్వాత, ముందు నీళ్ల సంగతి. సముద్రపు నీళ్లు రోజుకి రెండుసార్లు పాయల్లోకి ఎక్కుతాయి, రెండుసార్లు దిగుతాయి. ఎక్కడం పోటు, దిగడం పాటు. ఈ వేళలు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. అంటే ఈ ఆదివారం ఉదయం ఏడింటికి నిండు పోటుంటే, వచ్చే ఆదివారం అదే వేళకి నీళ్లు అడుగంటి ఉంటాయి. ఒకే చోటు, ఒకే పడవ, ఒకే సరంగు. అయినా ఒకరికి బ్రహ్మాండంగా ఉంటుంది, మరొకరికి ఏమీ కనపడదు. ఈ తేడా తెలియక చోటుని తిట్టుకునేవాళ్లే ఎక్కువ.

నిండు పోటులో పడవ సన్నని కాలువల్లోకి దూరగలదు. కొమ్మలు తలకి తగిలేంత లోపలికి తీసుకెళతారు. ఫొటోలు బాగుంటాయి. కానీ ఒడ్డు బురదంతా మునిగిపోయి ఉంటుంది కాబట్టి ఆ బురద మీద బతికేవేవీ కనపడవు. పాటులో ఇదంతా తిరగబడుతుంది. సన్న కాలువల్లో నీళ్లు చాలవు, పడవ పెద్ద పాయ దాటదు. కానీ చూడాల్సిందంతా ఆ ఒడ్డునే ఉంటుంది.

నీళ్లు దిగిన ఒడ్డు దగ్గర ఇంజిన్ ఆపించి పది నిమిషాలు ఊరికే చూడండి. మడ చెట్ల శ్వాసవేళ్లు బురదలో పెన్సిళ్లు గుచ్చినట్టు నిటారుగా లేచి ఉంటాయి. వాటి మధ్య మొదట ఏమీ కదలదు. కాసేపటికి కన్నాల్లోంచి చిన్న పీతలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. మగ పీతకి ఒక డెక్క ఒళ్లంత పెద్దది, దాన్ని ఎత్తి దించి ఎత్తి దించి ఆడపీతని పిలుస్తుంటుంది, పక్క మగదాన్ని బెదిరిస్తుంటుంది. రెండో డెక్క చిన్నది, తిండికి అదే. ఆ పక్కనే వేలెడంత చేప ఒకటి రెక్కల మీద ఒళ్లు ఈడ్చుకుంటూ బురద మీద పాకుతుంది, ఉన్నట్టుండి గెంతుతుంది. తడి ఆరకుండా ఉంటే చాలు, అది నీళ్ల బయట కూడా ఊపిరి తీసుకోగలదు. పీతలకీ చేపకీ కాపు కాసి పైన కొమ్మ మీద లకుముకి పిట్ట కూర్చుని ఉంటుంది. "చెట్లు, బురద తప్ప ఏం లేదు" అన్నవాళ్లు చాలామంది ఈ బురద మీదుగా పోటులో ఝామ్మని దూసుకెళ్లినవాళ్లే.

వేళ చూసుకోవడానికి పంచాంగం కూడా పనికొస్తుంది. అమావాస్య, పౌర్ణమి అటూ ఇటూ నాలుగు రోజులు నీళ్లు బాగా ఎక్కి బాగా దిగుతాయి. అష్టమి దగ్గర ఆ తేడా తగ్గుతుంది. గంటల లెక్క కావాలంటే ఇంటర్నెట్‌లో ఆ దగ్గరి రేవు పేరుతో పోటు వేళల పట్టిక దొరుకుతుంది. మామూలుగా నేను చెప్పేది ఇదీ: పోటు సగం దిగాక బయల్దేరండి, నీళ్లు మళ్లీ ఎక్కడం మొదలైన కాసేపటికి రేవు చేరండి. రెండు రకాల అడవీ కొంచెం కొంచెం చూసినట్టవుతుంది.

కోరింగ: ఒక పూటలో అయిపోవాలంటే

కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డు మీద, ఊరు దాటి అరగంట పోతే వస్తుంది. గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే చోట 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, 1978లో ప్రకటించారు. మడ చెట్ల మధ్య నుంచి చెక్క వంతెన వేశారు, దాని మీద నడుచుకుంటూ వెళ్లాక బోటు రేవు. పిల్లలకీ పెద్దవాళ్లకీ ఈ వంతెనే సగం షికారు. మడ, తిల్ల, ఉప్పుపొన్న చెట్లు చేతికందే దూరంలో ఉంటాయి. తిల్ల కొమ్మ మాత్రం విరవకండి, దాని పాలు కంట్లో పడితే ప్రమాదం.

ఇక్కడ ఏం కనపడుతుంది, ఏం కనపడదు అన్నది తేల్చి చెప్పాలి. కోరింగ పేరు చెప్పగానే అందరూ తలుచుకునే జంతువు చేపలు పట్టే బావురుపిల్లి. అది రాత్రి తిరుగుతుంది. అటవీ శాఖవాళ్లు పెట్టిన కెమెరాల్లో పడుతుందేగానీ పగటి బోటులో వెళ్లి చూద్దామంటే కుదిరే పని కాదు. బురదలో దాని అడుగుల గుర్తులు చూపించమని సరంగుని అడగండి, అది కుదురుతుంది. నీటికుక్కల సంగతి వేరు. అవి పగలు కూడా తిరుగుతాయి, తెల్లవారి మొదటి బోటుకి అదృష్టం ఎక్కువ. కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న దీవి హోప్ ఐలాండ్ ఇసుక మీద ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి, కానీ అదీ రాత్రి పూటే. పగలు బోటులో వెళితే తాబేలు ఎదురొస్తుందని పిల్లలకి ఆశ పెట్టకండి. మొసలి కోసమైతే ఇటు రానే వద్దు.

పక్షుల విషయంలో మాత్రం కోరింగని తక్కువ చేసి మాట్లాడితే ఒప్పుకోను. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాకినాడ అఖాతం చుట్టూ ఉన్న బురద మైదానాల మీద ఉత్తర దేశాల నుంచి వచ్చే వలస పిట్టలు వేలల్లో వాలతాయి. సైబీరియా నుంచి దిగే గ్రేట్ నాట్, కింది ముక్కు పొడుగ్గా ఉండి నీళ్లని కోస్తూ ఎగిరే ఇండియన్ స్కిమ్మర్.. ప్రపంచమంతా కలిపి తక్కువగా మిగిలిన ఈ రెండూ ఇక్కడికి వస్తాయి. వీటికి నీళ్లు ఎక్కుతున్న వేళ మంచిది. నిండు పాటులో పిట్టలన్నీ దూరంగా నీటి అంచున చుక్కల్లా ఉంటాయి. పోటు ఎక్కుతున్న కొద్దీ వాటికి బురద తగ్గిపోతుంది, అవే మనవైపు జరుగుతూ వస్తాయి. బోటు కంటే ఒడ్డున నిలబడి చూసేవాళ్లకే అప్పుడు లాభం.

కోరింగతో చిక్కల్లా బోటు సమయం తక్కువ కావడం, జనం ఎక్కువ కావడం. సెలవుల్లోనూ కార్తీక మాసం ఆదివారాల్లోనూ అసలు వెళ్లకండి. మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి, కుదిరితే మీ వాళ్లందరూ కలిసి మొత్తం బోటు మాట్లాడుకోండి. సీటు లెక్కన ఎక్కితే సరంగు మీ మాట విని ఇంజిన్ ఆపడు, పాపం ఆపలేడు కూడా. వెనక వరసలో జనం రేవు దగ్గర ఎదురుచూస్తుంటారు.

కృష్ణా జిల్లావాళ్లు నాగాయలంక, హంసలదీవి వైపు మడల సంగతి అడుగుతుంటారు. అడవి అదీ మంచిదే, బావురుపిల్లి అక్కడా ఉంది. కానీ కుటుంబంతో వెళ్లేవాళ్లకి కోరింగలో ఉన్నంత సౌకర్యం ఉండదు.

భితర్‌కనిక: జంతువులు చూడాలంటే ఇదే

హౌరా లైన్లో భద్రక్ దగ్గర దిగి చాంద్‌బాలి మీదుగా వెళ్లొచ్చు. మన కోస్తా మీదుగా వెళ్లే రైళ్లు అక్కడ ఆగుతాయి కాబట్టి విశాఖ, శ్రీకాకుళం వాళ్లకి ఇది పెద్ద దూరం కాదు. హైదరాబాద్ వాళ్లకి భువనేశ్వర్ దాకా విమానం, అక్కడి నుంచి కారు. రానూపోనూ కలిపి మూడు రోజులు పెట్టుకుంటే హడావిడి లేకుండా ఉంటుంది.

ఇక్కడ ఉప్పునీటి మొసళ్లు 1,800 దాటాయి. 1975లో సంరక్షణ మొదలుపెట్టినప్పుడు వందలోపే ఉండేవట. గుడ్లు సేకరించి, పార్కు లోపలి డాంగ్‌మల్‌లో పొదిగించి, పిల్లల్ని పెంచి నదిలో వదులుతూ ఇంతదాకా తెచ్చారు. ఇరవై అడుగుల మొసలి గురించి పుస్తకంలో చదవడం వేరు, అది బురద మీద నోరు తెరుచుకుని పడుకుని ఉండగా దాని ముందు నుంచి మన పడవ వెళ్లడం వేరు. నోరు తెరవడం కోపంతో కాదు, ఒంట్లో వేడి తగ్గించుకోవడానికి. పడవ దగ్గరకొస్తే కాళ్లు కూడా కదపకుండా పొట్ట మీద జారి నీళ్లలోకి వెళుతుంది, బురద మీద వెడల్పాటి నున్నని చార మిగులుతుంది. అలాంటి చారలు ఒడ్డున ఎన్ని ఉన్నాయో చూస్తే ఆ మలుపులో ఎన్ని మొసళ్లున్నాయో ఒక అంచనా వస్తుంది.

వేళ దగ్గర అందరూ ఒక పొరపాటు చేస్తారు. అడవి కదా అని తెల్లవారుజామున పడవెక్కుతారు. చలికాలంలో ఆ వేళకి బయటి గాలి కంటే నీళ్లే వెచ్చగా ఉంటాయి, మొసలికి బయటికి రావాల్సిన పని లేదు. ఎండ ఎక్కాక, తొమ్మిది దాటాక వస్తుంది. అదీ ఒడ్డు తేలి ఉంటేనే. కాబట్టి డిసెంబరులోనో ఫిబ్రవరిలోనో, పది గంటల ప్రాంతంలో పాటు పడే రోజు చూసుకుని వెళితే ఈ నాలుగు చోట్లలో ఎక్కడా దొరకనంత గట్టి అవకాశం ఉంటుంది. పొద్దుటి పూటని లకుముకి పిట్టలకీ చుక్కల దుప్పులకీ వదిలేయండి. నీటి ఉడుములూ అడవిపందులూ ఎలాగూ కనపడతాయి.

మే 1 నుంచి జులై 31 దాకా మొసళ్లు గూళ్లు పెట్టే కాలం, పార్కు మూసేస్తారు. జనవరిలో మొసళ్ల లెక్కింపు కోసం కొన్ని రోజులు మూస్తారు, ఆ తేదీలు ఏటా మారతాయి. సంక్రాంతి సెలవులకి ప్లాన్ వేసే మనవాళ్లు దీన్ని ముందే కనుక్కోవాలి. ఆగస్టులో తెరిచాక అక్టోబరు దాకా వెళ్లేవాళ్లు తక్కువ. వాన, జిగట బురద, దోమలు నిజమే. కానీ పార్కులోనే పక్షులు గూళ్లు కట్టే చోటు బాగాగహన్‌లో నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, రకరకాల కొంగలు వేల గూళ్లతో చెట్ల మీద కిక్కిరిసి ఉండేది అప్పుడే. పక్షుల పిచ్చి ఉన్నవాళ్లకి నేనైతే చలికాలం కంటే ఆ నెలలే చెబుతాను.

లోటు చెప్పాలంటే, తిండీ బసా సాదాసీదాగా ఉంటాయి. హోటల్ సుఖాలు వెతుక్కునేవాళ్లకి నచ్చదు.

సుందర్‌బన్స్: పులిని పక్కన పెట్టి ఆలోచించండి

మనదేశం వైపు సుందర్‌బన్స్‌లో పులులు దాదాపు వంద. ఒక్క టైగర్ రిజర్వే 2,500 చదరపు కిలోమీటర్లకి పైన, అంతా దీవులూ నదులూ. పర్యాటకులు దీవి మీద దిగి అడవిలోకి నడవడానికి వీల్లేదు. కాపలా ఉన్న వాచ్‌టవర్ల దగ్గరే దిగనిస్తారు. దట్టమైన మడ గోడ వెనక పులి మిమ్మల్ని చూస్తూ ఉండొచ్చు, మీరు చూడటం మాత్రం చాలా అరుదు. "పులి గ్యారంటీ" అన్నట్టు మాట్లాడే ఏజెంటుని అక్కడికక్కడే వదిలేయండి.

మరి ఎందుకు వెళ్లాలి? పడవలోనే తిని, పడవలోనే పడుకుని రెండు మూడు రోజులు నీళ్ల మీద బతకడం ఈ నాలుగింట్లో ఇక్కడే కుదురుతుంది. పోటుకీ పాటుకీ మధ్య నీళ్లు ఐదు మీటర్ల దాకా తేడా వస్తాయి. కోరింగలో మీటరు, మీటరున్నర చూసిన కళ్లకి అది వేరే లోకం. పొద్దున కిటికీ ఎత్తున ఉన్న ఒడ్డు మధ్యాహ్నానికి మేడంత గోడై నిలబడుతుంది. ఇరావాడీ డాల్ఫిన్లు, మొసళ్లు, గోధుమ రెక్కల లకుముకి ఉన్నాయి. సజ్నేఖాలి, సుధన్యఖాలి, దోబాంకి వాచ్‌టవర్ల ముందు తవ్వించిన మంచినీటి చెరువులకి దుప్పులు వస్తాయి. పులి కనపడాలన్నా అలాంటి చోటే, లేదా చలి ఉదయం ఒడ్డు బురద మీద.

అక్కడి మనుషుల బతుకు కూడా చూడదగ్గది. తేనెకీ చేపలకీ అడవిలోకి వెళ్లేవాళ్లు హిందువులైనా ముస్లింలైనా ముందు అడవి దేవత బొన్‌బీబీకి మొక్కి బయల్దేరతారు. ఊళ్ల వైపు పులి రాకుండా అడవి అంచున నైలాన్ వలలు కట్టి ఉంటాయి.

కోల్‌కతా నుంచి గద్‌ఖాలి రేవు దాకా సుమారు వంద కిలోమీటర్లు, రోడ్డు మీద మూడు గంటలకి పైనే. ప్యాకేజీలో పడవెక్కేముందు ఒకటే విషయం తేల్చుకోండి: రోజులో ఎన్ని గంటలు సన్న పాయల్లో తిప్పుతారు? పెద్ద నది మధ్యలో పాటలు పెట్టుకుని తిరిగే పడవలు బోలెడు. మంచి గైడు, చిన్న పడవ దొరకాలంటే ఖర్చు పెరుగుతుంది. అంత పెట్టలేకపోతే ఆ డబ్బుతో భితర్‌కనిక వెళ్లడం నయం.

పిచ్చావరం

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వెల్లార్, కొల్లిడం నదుల మధ్య చిన్న అడవి, 2022లో ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. నీళ్ల ఎత్తులో తేడా మీటరు లోపే కాబట్టి పోటు పాటుల బెంగ లేదు. తమిళనాడు పర్యాటక శాఖ పడవలు నడుపుతుంది. మోటారు బోటు వద్దు, తెడ్ల పడవే తీసుకోండి. మోటారు దూరలేని సందుల్లోకి అది వెళుతుంది, ఉప్పుపొన్న ఊడల మధ్య నుంచి వంగి పోవాల్సి వస్తుంది. కొంగలు, లకుముకులు కనపడతాయి, పెద్ద జంతువులు ఉండవు. తిరుపతి, నెల్లూరు వాళ్లు చిదంబరం దర్శనంతో కలిపి వెళ్లడానికి బాగుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అక్కడ వానలు, జనవరి తర్వాత చూసుకోండి.

పడవ మాట్లాడుకునే ముందు

ఎక్కడికెళ్లినా బేరం కంటే ముందు అడగాల్సింది, "ఇంజిన్ ఆపుతారా?" అని. డీజిలు ఇంజిన్ చప్పుడుకి నీటికుక్క ఎప్పుడో మాయమవుతుంది. ఆపి, తెడ్డు వేస్తూ ప్రవాహంతో జారనిచ్చే సరంగు దొరికితే వంద రూపాయలు ఎక్కువిచ్చినా నష్టం లేదు. ఇంజిన్ వెనక ఉంటుంది కాబట్టి మీరు ముందు కూర్చోండి. వెళ్లేటప్పుడు ఎండ వీపుకి తగిలే వైపు చూసుకుంటే కళ్లు చికిలించక్కర్లేదు.

బైనాక్యులర్ కొనేవాళ్లు 10 రెట్ల దానికి ఆశపడకుండా 8 రెట్లది, 8×42 అని రాసి ఉండేది తీసుకోండి. ఊగే పడవలో ఎక్కువ రెట్లయితే పిట్ట కంటే వణుకే పెద్దదై కనిపిస్తుంది. కెమెరా స్టాండు కూడా దండగ, ఇంజిన్ అదురంతా దానికే ఎక్కుతుంది.

పెద్దవాళ్లు ఉంటే బాత్రూం సంగతి మొహమాటం లేకుండా అడగండి. సుందర్‌బన్స్‌లో రాత్రి ఉండే పడవల్లో ఉంటుంది. పిచ్చావరం తెడ్ల పడవలో ఉండదు, కోరింగ బోటులో ఆశించొద్దు. భితర్‌కనికలో పడవని బట్టి. ఐదేళ్ల లోపు పిల్లలతో అయితే కోరింగ, పిచ్చావరం చాలు. మిగతా రెండు చోట్లా చెయ్యి నీళ్లలో పెట్టకూడదని గంటల తరబడి కాపలా కాయాలి. అది సరదా నిబంధన కాదు, నీళ్లలో మొసళ్లున్నాయి. లైఫ్ జాకెట్ లేని పడవ ఎంత చవకైనా ఎక్కకండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండం వార్త రాగానే నాలుగు చోట్లా బోట్లు ఆపేయడం మామూలే. రైలు టికెట్లూ బసా రద్దు చేసుకోవడానికి వీలున్నవే తీసుకోండి. బయల్దేరే ముందు రోజు రేవుకి ఫోన్ చేసి బోటు ఉందో లేదో, పోటు ఎన్ని గంటలకో రెండూ కనుక్కోండి.